నలభై ఒక్క తెల్ల గుర్తులు

సత్తెనపల్లి నుంచి కార్డు వచ్చింది. పోయిన సోమవారం బడికి బయలుదేరుతుంటే పోస్టుమాన్ గుమ్మంలోనే చేతికిచ్చాడు. అయిదారు వాక్యాలు, పెన్సిలుతో రాసినవి. సర్వే సాయిబు గారు కామెర్లు చేసి పదకొండు రోజులు మంచాన ఉండి, శుక్రవారం పొద్దున పోయారట. మీ నాన్నగారికీ మీకూ తప్పకుండా తెలియజేయమన్నారట. కింద వాళ్ల అమ్మాయి పేరు. పెన్సిలుతో ఎందుకు రాసిందో నాకు తెలుసు. వాళ్ల ఇంట్లో సిరా సీసా ఉండేది కాదు. సిరాతో రాసేవాడు తను తప్పు చెయ్యనని అనుకుంటాడు, అది మంచిది కాదు అనేవారు ఆయన.

ఆ రోజు పిల్లలకు ఎక్కాలు చెప్పించి కూర్చున్నాను. నా వల్ల అంతకన్నా కాలేదు. ఇంటికి వచ్చి నాన్నకు చెబితే ఆయన కండువా తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మా నాన్న అలా ఏడవడం నేను అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడు చూశాను.

సాయిబు గారు పేరున్న మనిషి కాదు. పత్రికల్లో రాయదగ్గ పదవి ఏదీ ఆయనకు లేదు. సర్వే శాఖలో చాలా ఏళ్లు తాత్కాలికపు నౌకరీ, తర్వాత ఖాయమైంది, అంతే. ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఆయన ఉద్యోగానికి ఒకసారి ఎసరు పెట్టింది నేను. ఈ సంగతి ఊళ్లో నేను ఇప్పటికీ ఎవరితోనూ ఒప్పుకోలేదు. ఈ రాతతో తెలుస్తుంది, తెలియనివ్వండి.

మా ఊరు రెంటచింతలకు మూడు మైళ్ల దూరం. కృష్ణ మీద సాగర్ ఆనకట్ట పని జోరుగా నడుస్తున్న రోజులవి. నీళ్లు వస్తాయని అందరూ అనేవాళ్లు. ఎవరి చేనుకు వస్తాయో, ఎవరి చేను పక్కనుంచి పోతాయో ఎవరికీ తెలియదు. మా వైపు నేల సంగతి మీకు తెలిసిందే. ఒకచోట నల్లరేగడి, నాలుగు అడుగులు వేస్తే పలకరాయి, ఆ పైన ఎండ. అలాంటి రోజుల్లో, ఒక ఫిబ్రవరి నెలలో, సాయిబు గారు సైకిలు మీద మా ఊరొచ్చారు. సైకిలుకు వెనక కొలతల గొలుసు, ముందు సున్నపు బస్తా. మా నాన్న కతోలిక గుడిలో జ్ఞానోపదేశం చెప్పే ఉపదేశి. ఊరికి కొత్తవాళ్లెవరు వచ్చినా మా వసారా గదిలోనే దిగేవాళ్లు, ఆయనా అక్కడే దిగారు.

ఆ ఏడు ఆయన రంజాను రోజాలూ, ఈస్టరుకు ముందు మా తపస్సు కాలమూ ఒకేసారి వచ్చాయి. వసారాలో ఆయన ఉపవాసం, ఇంట్లో మేము ఉపవాసం. "మీ ఇంట్లో దిగడం నాకు మంచిదయింది ఉపదేశి గారూ. యాడ జూసినా కూరల వాసన వస్తంటే రోజా చానా కష్టం" అని నవ్వేవారు. పొద్దు గూకగానే నాన్న స్వయంగా బెల్లం పానకం కలిపి ఇచ్చేవాడు. ఆయన తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించేవారు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. నడిస్తే అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవారు. ఒక్కో అడుగు సరిగ్గా రెండున్నర అడుగుల కొలత. లెక్క మధ్యలో ఎవరు పలకరించినా పలికేవారు కాదు. మొదట్లో మా ఊరి వాళ్లకు ఒళ్లు మండింది, ఇంత పొగరేందిరా ఈయనకి అని. లెక్క పూర్తయ్యాక ఆయన వెనక్కు తిరిగి వచ్చి, "ఇందాక రామ్ రామ్ అన్నావు గదా పెద్దాయనా, రామ్ రామ్" అని, ఇంకొకరి దగ్గరికి పోయి "నువ్వు అన్నం తిన్నావా అన్నావు, తినలేదమ్మా, రోజా" అని చెప్పేవారు. పలకరింపులు కూడా ఆయన వరస తప్పకుండా దాచుకునేవారన్న మాట. నాలుగు రోజులకు ఊరు ఆయన్ని ఇష్టపడింది.

విమానం వస్తుందనీ, మన నేలను పైనుంచి బొమ్మలు తీస్తుందనీ మాకు చెప్పింది ఆయనే. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, ఊరి బడిలో ఉద్యోగం వచ్చి ఆరు నెలలు. అన్నీ తెలుసుకోవాలని ఆత్రం, తెలుసుకున్న మరుక్షణం ఎవరికైనా చెప్పాలని ఇంకా ఆత్రం. వసారాలో ఆయన ఎదురుగా కూర్చుని అడిగాను, విమానంలోంచి చూస్తే నేల గురించి ఏం తెలుస్తుందని. యాడ తడి ఉంది, యాడ లేదు, వాగు ఇప్పుడు ఎటు పోతంది, మునుపు ఎటు పోయేది, వాన పడితే నీళ్లు ఎటు జారతాయి, యాడ నిలిచి చేను చెడగొడతాయి, ఇవన్నీ తెలుస్తాయన్నారు. ఏళ్ల తరబడి నడిచి కూడా నేను చూడలేనిది విమానం ఒక పూటలో చూసుద్ది అన్నారు. ఆ మాట అంటూ ఆయన ఈర్ష్య పడలేదు, సంతోషపడ్డారు. అది నాకు గుర్తుండిపోయింది.

బొమ్మలో కనిపించే ఏ చుక్క నేల మీద ఎక్కడుందో కొన్నిచోట్లయినా ముందుగా ఖచ్చితంగా తెలియాలి. అందుకోసం ఆయన ముందే కొలిచి పెట్టుకున్న చోట్ల రాళ్లు పేర్చి, సున్నం కొట్టి, కూడిక గుర్తు ఆకారంలో తెల్ల గుర్తులు పెట్టేవారు. ఒక్కో చెయ్యి ఆరు గజాలు. ఆ గుర్తుల దగ్గర బొమ్మను నేలకు బిగించి మిగతాదంతా కొలుస్తారు. మా ఊరి పొలిమేరలో మూడు పెట్టారు. రైలు కట్ట పక్క బీట్లో ఒకటి, మాచర్ల రోడ్డు పక్క బీట్లో ఒకటి, గుట్ట వాలు మీద ఒకటి. పెట్టి, విమానం రావడానికి రెండు రోజుల ముందే, మిగతా ఊళ్లలో గుర్తులు పెట్టడానికి వెళ్లిపోయారు.

మర్నాడు నేను నాలుగో తరగతికి ఇదంతా పాఠంగా చెప్పాను. విమానం మన నేల బొమ్మ తీస్తుంది, తెల్ల గుర్తు ఉన్న చోటు దానికి బాగా కనపడుతుంది, ఆ బొమ్మలు చూసి నీళ్లు ఎటు పోవాలో పెద్దవాళ్లు నిర్ణయిస్తారు. మూడు మాటలూ నిజమే. మూడూ పక్కపక్కన పెట్టి గంట కొట్టేశాను. పిల్లలు ఇంటికి వెళ్లి ఏం చెప్పి ఉంటారో మీరు ఊహించగలరు. నేనే ఊహించలేకపోయాను.

సాయంత్రానికి ఊళ్లో సున్నం అన్నది దొరకలేదు. ఇంటింటా తట్టలూ గడ్డపారలూ కదిలాయి. తెల్ల గుర్తున్న చేనుకే కాలవ వస్తుందట. పెళ్లికి గోడలు కొట్టించుకుందామని తెచ్చిన సున్నం ఒకరు చేలో పోశారు. ఒకావిడ ముగ్గుపిండితో వేసింది. సున్నం దొరకని ఇద్దరు అన్నదమ్ములు తమ పంచెలు విప్పి అడ్డంగా నిలువుగా పరిచి, మూలలకు రాళ్లు పెట్టారు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి విమానం వచ్చింది. ఎత్తున, తిన్నగా, గీత గీసినట్టు అటు పోయి ఇటు వచ్చి, మళ్లీ అటు పోయింది. ఊరంతా ఎవరి చేలో వాళ్లు నిలబడ్డారు. నాకు అప్పటికి విషయం అర్థమైంది. నోరు మెదపలేదు. రెండు రోజుల్లో గాలికీ పశువులకూ చెదిరిపోతాయి, ఎవరికీ తెలియదులే అనుకున్నాను. విమానం చూసేసిందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఏప్రిల్ నెలాఖరున సాయిబు గారు మళ్లీ వచ్చారు. ఈసారి సున్నం బస్తా లేదు. గుడ్డలో చుట్టిన అట్టపెట్టె ఒకటి, ఇంకో చిన్న చెక్కపెట్టె. ఎప్పటిలా నవ్వలేదు. వసారాలో కూర్చుని నాన్నతో చెప్పారు.

"మూడు పెట్టాను ఉపదేశి గారూ. నలభై ఒకటి పుట్టాయి."

నాన్న లేచి ఆయనకు నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాడు. నేను గుమ్మం వెనకే నిలబడి మిగతాది విన్నాను.

విషయం ఇది. ఆయన గుర్తులున్నవి ఒట్టి బీళ్లు, ఆనవాలు పట్టడానికి చెట్టూ పుట్టా ఏదీ లేదు. ఒక్కో గుర్తు చుట్టుపక్కలే ఊరి వాళ్ల గుర్తులు బోలెడు. కొన్ని ఆయనవాటికన్నా పెద్దవి. నేల మీద చూద్దామంటే రెండు నెలల్లో ఏమీ మిగల్లేదు, వేసవి దుక్కి కూడా అయిపోయింది. ఏవి తనవో పదిహేను రోజుల్లో తేల్చకపోతే మా వైపు పటం పక్కన పడేస్తారు. మా వైపు నేల సంగతి తెలియకుండానే కాలవ గీత గీస్తారు. తాత్కాలికపు మనిషి గనక ఈయన్ని ఇంటికి పంపిస్తారు. పై ఆఫీసరు గుంటూరు నుంచి అలాగే రాశాడు. సత్తెనపల్లిలో ఆయన భార్యా, ఎనిమిదేళ్ల కూతురూ ఆ జీతం మీదే ఉన్నారు.

మా మునసబు గారికి ఈ కబురు అంది ఆయన సాయం చెయ్యబోయారు. దండోరా వేయించారు. సర్కారు గుర్తుల జోలికి పోయిన వాళ్లను గురజాల కోర్టుకు ఎక్కిస్తామని డప్పు మీద చెప్పించారు. అంతే, ఊరు మొత్తానికి నోరు పడిపోయింది. సాయిబు గారు ఇంటింటికీ తిరిగారు. ఎవర్నడిగినా "మాకేం తెలుసు సాయిబూ, మా చేలో మేమెందుకు పెడతాం?" అనే. మే నెల రెంటచింతల ఎండలో ఆయన బీళ్ల వెంట అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంటే బడి కిటికీలోంచి కనిపించేవారు. నేను కిటికీ వైపు వీపు పెట్టి, సెలవుల్లోనూ వచ్చే పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం చెప్పేద్దామనుకునేదాన్ని. ఆయన గ్లాసు కడిగి బోర్లించేవారు, నేను లోపలికి పోయేదాన్ని. పిరికితనం అంటే ఏమిటో నాకు ఆ పది రోజుల్లో తెలిసింది.

పదకొండో రోజు ఆయన నన్ను పిలిచి, "అమ్మాయ్, ఆదివారం బడి వసారా కావాలి, ఒక బల్ల కావాలి" అన్నారు. ఆ ఫోటోలు బయటివాళ్ల కంట పడకూడనివి. ఆ సంగతి ఆయనే మాకు చెప్పారు. చూపిస్తే మాట వస్తుందని నాన్న అన్నాడు. "చూపిస్తే తప్పు నా ఒక్కడిది. చూపించకపోతే మీ ఊరంతా తప్పుగా అచ్చవుద్ది. ఆఫీసరు గారికి నేనే రాశాను, ఇట్టా చేయబోతన్నానని. జవాబు వచ్చేదాకా ఆగితే గడువు దాటిపోద్ది" అన్నారు సాయిబు గారు.

ఆదివారం పూజ అయ్యాక జనం బడి ముందు చేరారు. కోర్టు భయంతో వచ్చినవాళ్లు కొందరు, విమానం తీసిన బొమ్మలట అని వచ్చినవాళ్లు చాలామంది. బల్ల మీద రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, వాటి మీద చెక్కపెట్టెలోంచి తీసిన నాలుగు కాళ్ల అద్దాలు నిలబెట్టారు సాయిబు గారు. ముందుగా మంత్రసాని అవ్వను పిలిచారు. ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన మనిషి. ఆవిడ వంగి చూసింది.

"ఏంది సాయిబూ, రెండు పటాలూ ఒకే తీరుగా ఉండాయి. ఒకటి దండగ గాదా?"

"దండగ కాదవ్వా. విమానం ఈడ ఉన్నప్పుడు ఒకటి తీసింది, కొంచెం ముందుకు పోయాక ఇంకోటి తీసింది. ఒకటి నీ ఎడమ కంటికి, ఒకటి కుడి కంటికి. ఒంటికన్నుతో జూస్తే అది బొమ్మే. రెండు కళ్లతో జూస్తేనే నేల. నిదానంగా చూడు."

అవ్వ చూసింది. చూస్తూ చూస్తూ ఉలిక్కిపడి చెయ్యి చాపింది.

"ఓరి నాయనో! గుట్ట లేచిందిరా! నా ముక్కుకి తగులుద్ది!"

తల పక్కకు తీసి కాగితాన్ని అరచేత్తో తడిమి చూసింది. చదునుగానే ఉంది. మళ్లీ వంగింది. ఇక లేవదే! ఇదిగో చర్చి, ఇదిగో మా సందు, ఇదిగో నా గొడ్ల చావిడి అంటూ ఒక్కొక్కటే చెబుతుంటే వెనకవాళ్లు తోసుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ వెనక ఒకరు తన జొన్న చొప్ప వామి చూసుకున్నారు. ఇంకొకరు ఎండబోసిన మిరపకాయల కళ్లం చూసుకున్నారు. బొమ్మలో అది నల్లగా చదరంగా ఉంది. "నా కాయలే! ఎర్రగా లేవు గానీ నా కాయలే!" అని ఆయన గోల.

పెద్ద రైతు ఒకాయన వంతు వచ్చింది. సాయిబు గారు గుర్తుల మాటే ఎత్తలేదు. "పెద్దాయనా, నీ చేను గుర్తుపట్టగలవా?" అన్నారు.

"నా చేను నేను గుర్తుపట్టనా? ఇదిగో, ఈ తెల్ల గుర్తున్నదే నాది. అందరికన్నా పెద్దది గదా! పెళ్లికి తెచ్చిన సున్నం మొత్తం..."

ఆయన నాలుక కరుచుకున్నాడు. సాయిబు గారు చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, పక్కన పెట్టుకున్న కాగితం మీద ఒకటి అంకె వేశారు.

"భలే సూటిగా పెట్టావు. ఒక్కో చెయ్యి ఎన్ని గజాలు?"

"ఎనిమిది."

"నాది ఆరే" అన్నారు సాయిబు గారు, కాస్త చిన్నబుచ్చుకున్నట్టు.

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, గట్టు తెగింది. "నాది ఇదిగో", "నాది వంకరగా ఉందేందిరా", "నీ బతుకే వంకర, నీ గుర్తు తిన్నగా ఉంటుందా" అంటూ ఒకరి మీద ఒకరు. ముగ్గుపిండి ఆవిడ తన గుర్తు అందంగా ఉందని పదిమందిని పిలిచి చూపించింది. పంచెలు పరిచిన అన్నదమ్ముల గుర్తుకు ఒక చెయ్యి మడత పడి ఉంది. గాలి వచ్చిందని తమ్ముడు, రాయి సరిగా పెట్టలేదని అన్న, అప్పటికప్పుడు తగువు పడ్డారు. మునసబు గారు కూడా ఎవరూ చూడనప్పుడు వంగి చూసి, సాయిబు గారి చెవిలో ఏదో చెప్పి వెళ్లిపోయారు. ఆయన గుర్తుకు పడిన అంకె ఇరవై తొమ్మిది. నా కళ్లారా చూశాను.

పొద్దు వాలేసరికి ముప్పై ఏడు తేలాయి. నాలుగు మిగిలాయి. అందులో మూడు ఆయనవి. రైలు కట్ట దగ్గరిదీ, మాచర్ల రోడ్డు దగ్గరిదీ తేలిపోయాయి. గుట్ట వైపు రెండున్నాయి. ఒకదానికి నాలుగు చేతులూ ఉన్నాయి, చిన్నది. రెండోదానికి మూడే చేతులు. ఇక వచ్చేవాళ్లు ఎవరూ లేరు.

"మూడు చేతుల గుర్తు నేనెందుకు పెడతాను? నాలుగున్నదే నాది అయ్యుండాలి" అని సాయిబు గారు పెన్సిలు తీశారు.

పొద్దుట్నించీ అందరికీ సాయం చేస్తూ నేను అద్దాల్లో చూడనేలేదు. అప్పుడు వంగాను. రెండు కళ్లూ కుదరడానికి కాస్త సేపు పట్టింది. గుట్ట పైకి లేచింది. దాని కింద ఆ చిన్న గుర్తు, గుర్తు పక్కన రాళ్లు ఏరి పోసిన గట్టు, మూల తిరిగి. ఆ గట్టు మా అమ్మ ఉన్నప్పుడు నాన్నా అమ్మా కలిసి పోసింది. చిన్నప్పుడు ఆ రాళ్లు నేనూ మోశాను. నాన్న ఆ రోజు పూజ అయ్యాక తలనొప్పి అని ఇంటికి వెళ్లిపోయిన సంగతి గుర్తొచ్చింది. గుట్ట వాలు మీది గుర్తుకు నాలుగో చెయ్యి ఎటు పోయిందో అర్థమైంది. ఊరికి పది ఆజ్ఞలు నేర్పే మనిషి. చుట్టూ ఊరంతా ఉంది.

"ఆగండి సాయిబు గారూ" అన్నాను. "ఆ నాలుగు చేతులది మాది. మా నాన్న పెట్టింది. మీ రాళ్లే తెచ్చి పెట్టాడు."

ఎవరూ నవ్వలేదు. సాయిబు గారు ఒక్క క్షణం నా మొహం చూసి, ముప్పై ఎనిమిది అని వేశారు. "తప్పు గుర్తు మీద పటం బిగించబోయాను అమ్మాయ్. పటమంతా ఒక పక్కకి జరిగిపోయేది. నా ఉజ్జోగం నిలబెట్టావు" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉద్యోగాన్ని పడగొట్టబోయింది ఎవరో అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున నాన్న ఆ రాళ్లన్నీ గంపలో పెట్టుకుని మోసుకొచ్చాడు. ఇంకా అక్కడక్కడా సున్నం ఉంది. వసారా ముందు దించి, "దొంగిలింపకుము అని ఇరవై ఏళ్లుగా చెబుతున్నా సాయిబు గారూ. ఇయి మీ రాళ్లు" అన్నాడు. సాయిబు గారు ఒక రాయి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఉపదేశి గారూ, నాకు గొలుసు పట్టే మనిషి కావాలి. ముప్పై ఎనిమిది చేలు కొలవాలి. వస్తారా?" అన్నారు. నాన్న ఆ వేసవంతా ఆయన వెంట నడిచాడు. ఇద్దరూ అడుగులు లెక్కపెట్టుకుంటూ వస్తుంటే ఇద్దరూ పలికేవాళ్లు కాదు. ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి ఊరందరికీ జవాబులు చెప్పేవాళ్లు.

ఊరివాళ్ల గుర్తులన్నీ చేల మూలల్లో ఉన్నాయి కదా. కొలిచేసరికి అవన్నీ ఆయన గుర్తులకు తోడయ్యాయి. మూడు చోట్ల బిగించాల్సిన పటం నలభై ఒక్క చోట్ల బిగిసింది. ఇన్ని ఎక్కడివని ఆఫీసరు అడిగితే, "ఊరు పెట్టింది సార్" అన్నారట. ఫోటోలు పదిమందికి చూపించినందుకు మందలిస్తూ ఒక మెమో వచ్చింది. ఉద్యోగం నిలిచింది. ఆ మెమోను ఆయన నాకు చదివి వినిపించి, "ఇంగ్లీషు బాగా రాశాడు" అన్నారు.

ఆయన మమ్మల్ని సంతోషపెట్టడానికి ఏదీ చెప్పేవారు కాదు. పటం తయారయ్యాక నాన్న దగ్గరికి వచ్చి, మీ చేను ఎత్తు మీద ఉంది, కాలవ నీళ్లు ఎక్కవు అని మొహాన చెప్పారు. తర్వాత, మీ చేను కింది మూల బొమ్మలో నల్లటి చార ఒకటి ఉంది, మునుపెప్పుడో వాగు పోయిన దారి కావచ్చు, కాకపోనూ వచ్చు, బావి తవ్వితే అక్కడ తవ్వండి అన్నారు. నాన్న రెండేళ్లు ఆలోచించి తవ్వించాడు. నీళ్లు పడ్డాయి. ఎండాకాలం కాస్త తగ్గుతాయి గానీ ఎండిపోలేదు. పైనుంచి చూసింది సగం, నడిచి చూసింది సగం అని ఆయన ఎప్పుడూ అనేవారు. ఆ సగానికి ఈ సగం కలిస్తే ఏమవుతుందో మా ఇంట్లో మిరపతోట చెబుతుంది.

ఆ వేసవిలోనే ఒక రోజు నా పిల్లలు ఆయన్ని అడిగారు, మన దగ్గరే ఎందుకింత ఎండ అని. ఆయన నవ్వి ఊరుకోలేదు. బల్ల మీద ఫోటో పెట్టి, "తెల్లగా మెరిసేదంతా ఒట్టి నేల. ఈ నల్ల చుక్కలు చెట్లు. లెక్కపెట్టండి" అన్నారు. లెక్కపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. చెట్టూ తడీ లేని చోట ఎండ నేలను కాల్చి మళ్లీ మన మొహాన కొడుతుందని చెప్పారు. "ఇప్పుడు నేల బొమ్మే తీస్తన్నారు. రేపు మబ్బుల్ని, ఎండని, గాలిని కూడా విమానాల మీద పోయి కొలుస్తారు. మళ్లీ ఈడికి వచ్చేసరికి మీరు ఇంకొన్ని చుక్కలు పెట్టి ఉండాల. సున్నంతో కాదు." ఆ వానాకాలం పిల్లలు గట్ల మీద వేప మొక్కలు నాటారు. సగం మేకలు తిన్నాయి. మిగిలినవి ఇప్పుడు నాకన్నా ఎత్తున ఉన్నాయి. ఆ పిల్లల్లో ఒకడు గుంటూరులో భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. సాయిబు గారి అమ్మాయి కూడా ఈ ఏడు కాలేజీలో చేరింది, భూగోళం తీసుకుంది. కాలవలు మా కింది పొలాల దాకా వచ్చేశాయి. నీళ్లు నిలిచి చెడిపోతుందనుకున్న పల్లపు నేలకు ముందుగానే మురుగు కాలవ తవ్వారు. అదంతా ఆ పటంలో ఉన్నదే.

ఇక ఆ చివరి రోజు సంగతి చెప్పి ముగిస్తాను. జూన్ మొదటి వారం, ఆయన ఫోటోలన్నీ కట్ట కట్టి గుంటూరు పంపించాల్సిన రోజు. వసారాలోకి పిలిచారు.

"అమ్మాయ్, ఇంకోటి మిగిలింది. ఇది లెక్కలోది కాదు. చూడు."

అద్దాల్లోంచి చూశాను. మా బడి కప్పు. బడి ముందు ఖాళీలో ఆవగింజంత నల్లటి మరక, ఒక పక్కకు సాగి ఉంది.

"ఏమిటిది?"

"పైనుంచి మనిషి కనపడడు. మనిషి నీడ కనపడుద్ది. పొద్దున తొమ్మిదింటి నీడలు. ఆ రోజు ఊరంతా ఎవరి చేలో వాళ్లు నిలబడితే, పిల్లల్ని గుంపుగా బయట నిలబెట్టి విమానం చూపించింది ఎవరు?"

నిజమే. ఆ పొద్దున, నా పొరపాటు నాకు తెలిసి కూడా, విమానం చప్పుడు వినగానే ఉండబట్టలేక పిల్లలందర్నీ బయటికి తీసుకొచ్చాను.

"సాయిబు గారూ, ఆ గుర్తుల సంగతి పిల్లలకు చెప్పింది..."

"నువ్వే. ఫోటోలు చేతికొచ్చిన రోజే తెలుసు. విమానం అంటే ఇంత సంబరపడే మనిషి పాఠం చెప్పకుండా ఉంటుందా?"

"మరి నన్నెందుకు అడగలేదు? పది రోజులు ఎండలో తిరిగారు. ఉద్యోగం పోయేది."

"అడిగితే ఇంకెప్పుడూ పాఠం అట్టా చెప్పవు. నువ్వు చెప్పింది అబద్ధం కాదమ్మాయ్, సగం. మిగతా సగం కూడా చెప్పు, ఆపబాక."

నేను ఏడుస్తుంటే ఆయన చూడనట్టు ఆ కాగితం తీసి ఇంకో కాగితం పెట్టారు. మూడు మైళ్ల అవతలి ఊరు. ఒట్టి బీడు, బీట్లో ఆరు గజాల తెల్ల గుర్తు, దాని పక్కన చిన్న నల్ల గీత. చూపు బాగా ఆనించి చూస్తేనే తెలుస్తుంది.

"అది నేను. సైకిలు కూడా ఉంది గానీ కనపడదు" అన్నారు. "నేనూ ఆ పూట అడుగుల లెక్క మర్చిపోయి పైకే చూస్తా నిలబడ్డాను."

ఆ కట్ట ఇప్పుడు ఏ ఆఫీసు బీరువాలో ఉందో నాకు తెలియదు. ఒక కాగితం మీద నేనూ నా పిల్లలూ, పక్క కాగితం మీద ఆయన ఒక్కరే. అదే పొద్దున, అదే విమానం కింద, మా నీడలన్నీ ఒకే వైపుకు సాగి ఉన్నాయి.